యూనిట్ అని రాసి వదిలేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో యూనిట్ అనే మాట రోజూ కనిపిస్తుంది. ఒక్కోరోజు ఒకే పేజీలో మూడు నాలుగు చోట్ల ఉంటుంది, చోటుకో అర్థంతో. జిల్లా పేజీలో థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ నిలిచిపోయిందని ఉంటుంది. దాని పక్కనే 200 యూనిట్లు దాటితే కరెంటు బిల్లు కట్టాల్సిందేనని ఉంటుంది. కింద రక్తదాన శిబిరంలో ఇన్ని యూనిట్లు సేకరించారని, ఇంకో కాలమ్‌లో గొర్రెల యూనిట్లు ఎప్పుడిస్తారని. పేజీ తిప్పితే సినిమా యూనిట్ పాటల కోసం విదేశాలకి వెళ్లింది. రాసే విలేకరికి తన యూనిట్ ఏమిటో బాగా తెలుసు, చదివేవాళ్లందరికీ కూడా తెలుసనుకుని ముందుకెళ్లిపోతారు, అక్కడే చిక్కు. నేను జగ్గయ్యపేటలో మందుల షాపు నడుపుతున్నాను, డీఫార్మసీ చదివాను. ఈ మాటని తప్పుగా అర్థం చేసుకుంటే కరెంటు దగ్గర డబ్బులు పోతాయి, నా కౌంటర్ దగ్గర ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. మొత్తం వేయడానికి చోటు లేకపోతే ఇన్సులిన్ గురించి రాసిన భాగం ఒక్కటైనా వేయండి.

ముందు కరెంటు సంగతి చెబుతాను, ఎందుకంటే యూనిట్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది అదే. వెయ్యి వాట్ల సామాను గంటసేపు వాడితే ఒక యూనిట్. మీటర్ మీద కేడబ్ల్యూహెచ్ అని కనిపించేది అదే, కిలోవాట్ అవర్. రెండు వేల వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతుంది. 75 వాట్ల పాత ఫ్యాన్ పదమూడు గంటలకి పైగా తిరిగితే గానీ ఒక యూనిట్ కాదు, ఇప్పుడొస్తున్న 30 వాట్ల ఫ్యాన్లయితే ఒక యూనిట్‌తో ముప్పై మూడు గంటలు తిరుగుతాయి. మాది సరిహద్దు ఊరు, తెలంగాణలోని కోదాడ వైపు నుంచి కూడా మందులకి వస్తుంటారు. వాళ్లకి గృహజ్యోతి పథకం కింద నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201 అయితే ఆ పైనున్న ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి. "ఈ నెల ఎట్లా దాటిందో తెలుస్తలేదు సార్" అంటూ బిల్లు తెచ్చి చూపిస్తారు, నేను మందుల మనిషినైనా సరే. 200ని ముప్పై రోజులకి పంచుకుంటే రోజుకి ఆరున్నర యూనిట్ల పైచిలుకు వస్తాయి, అందులో గీజర్‌కెంత, ఏసీకెంత అని ఒక్కసారి లెక్క వేసుకుంటే వాళ్లకే అర్థమైపోతుంది. పథకం గురించి వచ్చే వార్తల్లో ఈ నాలుగు ముక్కలు ఎక్కడా కనబడవు. ఎంతమంది లబ్ధిదారులు, ఎన్ని కోట్లు, ఎవరు ఎవరిని విమర్శించారు, ఇవే ఉంటాయి.

ఈ యూనిట్‌కి అసలు పేరు వేరే ఉండేది. కరెంటు అమ్మకం మొదలైన రోజుల్లో, 19వ శతాబ్దం చివర్లో, బ్రిటన్‌లో దీన్ని బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యూనిట్ అనేవాళ్లు, అంటే అక్కడి వాణిజ్య శాఖ ఒప్పుకున్న కొలత అన్నమాట. వాడగా వాడగా ముందున్న మాటలన్నీ పోయి చివరి ముక్క మిగిలింది. అన్ని రంగాల్లోనూ జరిగింది దాదాపు ఇదే. ఎవరి యూనిట్‌కి వాళ్లు ముందున్న మాట వదిలేశారు, చివరికి అందరి దగ్గరా ఒకటే మాట మిగిలింది.

విద్యుత్ కేంద్రం దగ్గరికి వస్తే యూనిట్ అంటే ఇంకొకటి. బాయిలరు, టర్బైను, జనరేటరు అన్నీ కలిసిన ఒక సెట్టు. మాకు దగ్గర్లోని ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాన్నే తీసుకోండి. అక్కడ 210 మెగావాట్లవి ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 800 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. "ఒక యూనిట్‌లో సాంకేతిక లోపం, ఉత్పత్తికి అంతరాయం" అని రాస్తే ఏం తెలుస్తుంది? 210 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే వచ్చే కరెంటు 50 లక్షల యూనిట్ల పైచిలుకు. 800 మెగావాట్లదైతే కోటీ 92 లక్షల యూనిట్లు. ఆగింది చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి నాలుగింతల తేడా ఉంది. పైగా ఒకే వాక్యంలో "యూనిట్ ఆగడంతో ఇన్ని మిలియన్ యూనిట్ల నష్టం" అని వస్తుంది. మొదటి యూనిట్ యంత్రం, రెండో యూనిట్ కరెంటు. ఇంజినీర్లకి అది ఇబ్బంది కాదు, పొద్దున్నే టీ తాగుతూ చదివే మనిషికి కచ్చితంగా ఇబ్బందే. ఆ మిలియన్‌ని పది లక్షలు అని రాయడానికి కూడా మనవాళ్లకి ఎందుకో చెయ్యి రాదు.

గొర్రెల యూనిట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెలంగాణలో 2017లో మొదలైన పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్ అన్నారు. ఆ కాలంలో అందరూ ఇరవై ప్లస్ ఒకటి అనేవాళ్లు కాబట్టి తికమక లేదు. మ్యూచువల్ ఫండ్ యూనిట్ దగ్గర మాత్రం ఒక ముక్క. కొత్త ఫండ్ యూనిట్ పది రూపాయలకే వస్తోంది, పాత ఫండ్ యూనిట్ ఐదు వందలు ఉంది, కాబట్టి కొత్తదే చవక అనుకుని పెట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. అది చవకా కాదు, ఖరీదూ కాదు. ఆ పది రూపాయలు ఏ షేర్లలోకి వెళ్తున్నాయన్నదే అసలు సంగతి, యూనిట్ రేటు చూసి ఏమీ తేల్చలేం. వ్యాపారం పేజీలో ఈ మాట అప్పుడప్పుడు అయినా రాస్తే బాగుంటుంది.

ఇక ఆస్పత్రి. పెద్ద ప్రభుత్వాస్పత్రిలో, వైద్య కళాశాల ఉన్నచోట, యూనిట్ అంటే ఒక ప్రొఫెసర్ కింద పనిచేసే డాక్టర్ల బృందం. మెడిసిన్‌లో ఒకటో యూనిట్, రెండో యూనిట్ అని ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో ఫలానా రోజు ఓపీ. కేసు షీటు మీద యూనిట్ నంబరు వేస్తారు. పల్లెటూరి నుంచి వచ్చిన మనిషిని "మీరు ఏ యూనిట్?" అని అడిగితే ఏం చెబుతాడు? అక్కడే ఐసీయూ ఉంది, అందులో చివరి అక్షరం కూడా యూనిట్టే. "రెండో యూనిట్ వాళ్లు రెండు యూనిట్లు ఎక్కించమన్నారు" అని ఎవరైనా చెబితే మొదటిది డాక్టర్లు, రెండోది రక్తం. ఆ టెన్షన్‌లో ఉన్న కుటుంబానికి ఇదంతా విడమరచి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. నర్సమ్మలని తప్పుపట్టను, వాళ్ల మీద పడే పని నేను చూశాను.

రక్తం యూనిట్ అంటే ఒక సంచి. కానీ ఆ సంచిలో 350 మిల్లీలీటర్లు పట్టేది ఉంది, 450 పట్టేది ఉంది. 45 కిలోలు దాటినవాళ్ల దగ్గర 350 తీసుకుంటారు, 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450 తీసుకోవచ్చు. వంద యూనిట్లు సేకరించారని రాస్తే అది 35 లీటర్లు కావచ్చు, 45 లీటర్లూ కావచ్చు. శిబిరం వార్తకి ఇది పెద్ద విషయం కాదనుకోండి. ఆ సంచి బ్లడ్ బ్యాంకుకి వెళ్లాక సంగతి మారుతుంది. దాన్ని ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు, విడదీసిన ప్రతిదాన్నీ మళ్లీ యూనిట్ అనే అంటారు. ఒకరిచ్చిన ఒక యూనిట్ మూడు రకాల యూనిట్లయి ముగ్గురికి వెళ్తుంది.

డెంగీ రోజుల్లో దీనివల్ల పడే పాట్లు ఏటా చూస్తున్నాను. వాట్సాప్‌లో "ప్లేట్‌లెట్లు ఆరు యూనిట్లు అర్జెంట్" అని మెసేజ్ వస్తుంది, కుర్రాళ్లు బళ్లేసుకుని బయల్దేరతారు. తీరా వెళ్లాక వాళ్లకి కావలసింది ఎస్డీపీ అని తెలుస్తుంది, అంటే ఒకే దాత నుంచి మెషీన్ ద్వారా తీసే ప్లేట్‌లెట్లు. మామూలుగా విడదీసిన సంచి ఒక్కోటి 50, 70 మిల్లీలీటర్లు ఉంటుంది, కౌంటు ఐదు నుంచి పది వేలు పెంచుతుంది. ఎస్డీపీ ఒక్కటి ఎక్కిస్తే ముప్పై వేల నుంచి అరవై వేల దాకా పెరుగుతుంది. దాదాపు ఆరు సంచులకి ఒక ఎస్డీపీ సమానం. అంటే ఒకచోట ఆరుగురు దాతలు కావాలి, ఇంకోచోట గ్రూపు కలిసి, పరీక్షలన్నీ సరిపోయి, గంట గంటన్నర కదలకుండా కూర్చోగలిగే ఒక్క మనిషి చాలు. రెండు చోట్లా వాడే మాట యూనిట్టే. ప్లేట్‌లెట్లు తీశాక నిలవుండేది ఐదు రోజులే, ముందే పోగుచేసి పెట్టుకుందామన్నా కుదరదు. మీ పేపర్లోనూ దాతలు కావాలనే ప్రకటనలు వస్తుంటాయి. మామూలు ప్లేట్‌లెట్లా, ఎస్డీపీయా అన్నది ఒక్క మాట రాయించండి, చాలామందికి పరుగులు తప్పుతాయి.

ఇప్పుడు ఇన్సులిన్. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి. పది మిల్లీలీటర్ల సీసా, మొత్తం 400 యూనిట్లు. దీనికి వాడాల్సిన సిరంజికి మూత ఎర్రగా ఉంటుంది, మీద యూ-40 అని ఉంటుంది. పెన్నులో వేసే కార్ట్‌రిడ్జ్ ఉంది చూశారా, అందులో మిల్లీలీటరుకి 100 యూనిట్లు, మూడు మిల్లీలీటర్లకి 300. కొన్ని కొత్తరకం ఇన్సులిన్లు సీసాలోనే 100 బలంతో వస్తాయి. అమెరికాలో అయితే సీసాలు కూడా మామూలుగా వందవే. ఈ వంద బలం సీసాకి నారింజ రంగు మూత ఉన్న యూ-100 సిరంజి వాడాలి.

ఒక పెద్దాయన అమెరికాలో ఉన్న కొడుకు తెచ్చిచ్చిన సీసా పట్టుకుని షాపుకి వచ్చారు, ఎప్పటిలాగే ఎర్ర మూత సిరంజిలు ఇవ్వమన్నారు. నేను సీసా తీసుకుని చూస్తే దాని మీద 100 అని ఉంది. "బాబాయ్, దీనికి ఇవి పనికిరావు, నారింజ మూతవి కావాలి" అన్నాను. ఆయన వినలేదు. "డాక్టరు గారు ఇరవై యూనిట్లు అన్నారయ్యా, ఏ సిరంజి అయితే ఏముంది, ఇరవై గీత దాకా లాగుతాను, ఇరవై అంటే ఇరవయ్యే కదా" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు, యూనిట్ అంటే మందు మోతాదు, ఇరవై ఎక్కడైనా ఇరవయ్యే. కానీ సిరంజి మీద గీత కొలిచేది నీళ్లని, మందుని కాదు. ఎర్ర మూత సిరంజిలో ఇరవై గీత దాకా లాగితే అర మిల్లీలీటరు వస్తుంది. నలభై బలం సీసాలోంచి అర మిల్లీలీటరు తీస్తే ఇరవై యూనిట్లు. వంద బలం సీసాలోంచి అదే అర మిల్లీలీటరు తీస్తే యాభై యూనిట్లు. రెండున్నర రెట్లు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, నిద్రలోనే స్పృహ తప్పిపోయేంత మోతాదు అది, ఆ వయసులో ఒంటరిగా ఉండే మనిషికి. నేను కౌంటర్ మీద రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి, మామూలు నీళ్లు లాగి చూపించాను. రెండింట్లోనూ ఇరవై గీత దాకా లాగాక ఒకదాంట్లో నీళ్లు ఎంత తక్కువున్నాయో చూశాక గానీ ఆయనకి నమ్మకం కుదరలేదు.

తిరగేసి జరిగేది కూడా ఉంది. నలభై బలం సీసాకి నారింజ మూత సిరంజి వాడితే ఇరవై గీత దగ్గర వచ్చేది ఎనిమిది యూనిట్లే. సుగర్ తగ్గదు. డాక్టరు మోతాదు పెంచుతారు, ఇంకా తగ్గదు, ఇంకా పెంచుతారు. ఆ తర్వాత ఎప్పుడో సరైన సిరంజి చేతికొస్తుంది, పెంచిన మోతాదు మొత్తం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పెన్ను పాడైతే కార్ట్‌రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో లాక్కుని వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు, అదీ రెండున్నర రెట్లే. ఇంకో సంగతి, చీటీ మీద యూనిట్ అని పూర్తిగా రాయకుండా అంకె పక్కన ఇంగ్లిష్ అక్షరం యూ ఒక్కటే పెడితే, రాత కాస్త అటూ ఇటూ అయినప్పుడు అది సున్నాలా కనిపిస్తుంది, పది యూనిట్లు కాస్తా వంద అవుతాయి. అందుకే యూనిట్స్ అని పూర్తిగా రాయాలనే నియమం చాలా దేశాల ఆస్పత్రుల్లో ఉంది. మన డాక్టర్లలో పాటించేవాళ్లు ఉన్నారు, పాటించనివాళ్లూ ఉన్నారు.

మందుల యూనిట్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది, ఆ యూనిట్ బరువు కాదు. మందు ఒంట్లో చేసే పనిని బట్టి పెట్టిన లెక్క. 1922లో టొరంటోలో ఇన్సులిన్ కొత్తగా తయారుచేసినప్పుడు దాన్ని తూకం వేసి కొలిచేంత శుద్ధిగా తీయడం చేతకాలేదు, అందుకని కడుపు మాడ్చిన కుందేలుకి ఎక్కించి దాని సుగర్‌ని ఫలానా మేరకి దించితే అంత మందు ఒక యూనిట్ అన్నారు. తర్వాత లెక్క, కొలిచే పద్ధతి మారాయి గానీ మూలం అదే. అందుకే ఒక మందులో యూనిట్‌కీ ఇంకో మందులో యూనిట్‌కీ పోలికే ఉండదు. మా దగ్గరికొచ్చేవాళ్లు మందు బలాన్ని పవర్ అంటారు. విటమిన్ డి చూసి "అరవై వేల పవరా, ఇంత పెద్దదా" అని భయపడతారు. ఆ అరవై వేల యూనిట్ల బరువు ఒకటిన్నర మిల్లీగ్రాములే. కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న, కాస్త ఎదిగిన పిల్లలకి మూడు వారాలకోసారి చేసే పెన్సిలిన్ ఇంజక్షన్ పన్నెండు లక్షల యూనిట్లు, బరువు చూస్తే గ్రాము కూడా ఉండదు. లక్షలు అనగానే భయపడి మధ్యలో మానేసే తల్లిదండ్రులున్నారు, అది ఎంత ప్రమాదమో వాళ్లకి తెలియదు. ఇటు విటమిన్ డి వారానికి ఒకటి వేసుకోమంటే, విటమినే కదా అని రోజూ వేసుకునేవాళ్లున్నారు. కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీద పడుతుంది. అంకె పెద్దదని భయపడడం, విటమినే కదా అని ధీమాగా ఉండడం, రెండూ యూనిట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పకపోవడం వల్లే.

యూనిట్‌కి తెలుగు మాట పెట్టమని నేను అడగడం లేదు. బడి పుస్తకంలో ప్రమాణం అని ఉంది, పరీక్ష హాలు దాటి బయటికి రాలేదు. యూనిట్టే ఉండనివ్వండి, కానీ వార్తలో మొదటిసారి వచ్చినప్పుడు దేని యూనిట్, ఎంత యూనిట్ అన్నది పక్కన రాయండి. రైతులు ఈ పని ఎప్పుడూ చేస్తారు. ఎకరానికి ముప్పై ఐదు బస్తాలు అయ్యాయంటే కృష్ణా జిల్లాలో 75 కిలోల బస్తా, సరిహద్దు దాటితే కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తా, సిమెంటుకి 50, యూరియాకి 2018 నుంచి 45. అందుకే మా షాపు ముందు అరుగు మీద ఇద్దరు రైతులు మాట్లాడుకుంటే మొదటి ప్రశ్న "ఏ బస్తా లెక్క?" అనే ఉంటుంది. మీరు యూనిట్ దగ్గర అంత చేస్తే చాలు. "8వ యూనిట్, 800 మెగావాట్లు" అని రాయడానికి రెండు మాటలు ఎక్కువ పడతాయి, అంతే. "350 మిల్లీలీటర్ల సంచులు వంద" అన్నా అంతే. ఖాళీ లేదని డెస్కులో ఎవరైనా అంటే, శిబిరం వార్తలో స్టేజీ మీద కూర్చున్నవాళ్ల పేర్లలో ఒకటి తగ్గించండి.

ఏటా నవంబర్ 14న మధుమేహ దినం అని ప్రత్యేక పేజీ వేస్తారు కదా. కాకరకాయ రసం, నడక, తిండి పట్టిక అన్నీ వస్తాయి, వేయండి, కాదనను. ఈసారి ఆ పేజీలో పావు వంతు చోటు రెండు సిరంజిలకి ఇవ్వండి. ఒకటి ఎర్ర మూతతో, ఒకటి నారింజ మూతతో, రంగుల్లో. ఎర్ర మూత కింద "సీసా మీద 40 ఉంటేనే" అని, నారింజ మూత కింద "సీసా మీద 100 ఉంటేనే" అని పెద్ద అక్షరాల్లో. చదువు రానివాళ్లు కూడా రంగు, అంకె గుర్తుపడతారు. ఆ ముక్క కత్తిరించి నా షాపులో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను, మా ఊళ్లో మిగతా షాపులవాళ్లకీ ఇస్తాను.

ఇట్లు
ఒక ఫార్మసిస్టు,
జగ్గయ్యపేట, ఎన్టీఆర్ జిల్లా